యంత్రానికి దుబాసీ

డ్రైవరు అనే మాట వినగానే మన వైపు ఎవరికైనా ముందు కళ్లలో మెదిలేది బస్సు డ్రైవరు. తరువాత, మదనపల్లె మార్కెట్టు యార్డులో టమోటా పెట్టెలు ఎక్కించుకుని రాత్రికి రాత్రి ఏ దూరదేశానికో పరుగెత్తే లారీ డ్రైవరు. మా వీధిలో ఒక ఇంటివారు యీమధ్య అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. వరుడికి బెంగుళూరులో ఉద్యోగం. "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగితే, "డివైసు డ్రైవర్లు రాస్తాడు" అన్నారట మధ్యవర్తులు. పిల్ల మేనమామ కాస్సేపు ఆలోచించి, "అయితే హెవీ లైసెన్సు వుండే వుంటుంది" అన్నాడట.

ఆయన్ను చూసి నవ్వనక్కర లేదు. మాటే అట్లా వుంది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకూ మొదట అది బోధపడలేదు. బోధపడిన తరువాత మాత్రం, ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అని వూరుకోబుద్ధి కాలేదు. ఎందుకంటే యీ డ్రైవరు బస్సు నడిపేవాడికంటె మన తెలుగు వాళ్లకు బాగా తెలిసిన ఇంకొక మనిషిని పోలి వుంటాడు. ఆయన పేరు దుబాసీ.

రెండు భాషలు తెలిసినవాడు దుబాసీ. కంపెనీల కాలంలో చెన్నపట్నంలోనూ పుదుచ్చేరిలోనూ దొరకు దేశభాష రాదు, వర్తకుడికి దొర భాష రాదు. నడుమ దుబాసీ లేనిదే ఒక్క బేరం సాగేది కాదు. పుదుచ్చేరిలో డూప్లే దొరకు దుబాసీగా వుండిన ఆనందరంగ పిళ్లె పేరు చరిత్ర చదివిన వారికి తెలుసు. ఛందస్సు చదివిన వారికి మరికాస్త బాగా తెలుసు. కస్తూరి రంగకవి తన ఆనందరంగరాట్ఛందాన్ని ఆయన పేరుమీదనే వెలయించాడు. కుప్పంలో అయితే యీ మాటకు వ్యాఖ్యానం అక్కర లేదు. మూడు రాష్ట్రాల పొలిమేరలు కలిసే ఆ వూళ్లో అంగట్లో కూర్చున్న మనిషి తెలుగులో బేరమాడి, తమిళంలో లెక్క చెప్పి, కన్నడంలో సాగనంపగలడు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని తీసుకువెళ్లి అక్కడ పెట్టడంలో ఔచిత్యం వున్నది. మదనపల్లెకూ అనువాదంతో చుట్టరికం లేకపోలేదు. రవీంద్రులు జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చింది 1919లో యీ వూరి బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో వుండగానే.

ఇక కంప్యూటరు సంగతి. అందులో ఆపరేటింగు సిస్టం అనే పెత్తందారు ఒకటి వుంటుంది. ఏ పని ముందు, ఏది వెనక, ఎవరికెంత చోటు అని పంచిపెట్టేది అదే. దాని లోపలి సారాన్ని కెర్నెలు అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు గింజలోని పప్పు అని అర్థం. చెనిక్కాయలు ఒలిచిన చేతులకు ఇంతకన్న వివరించాలా? ఆ పప్పుకు కీబోర్డు, ప్రింటరు, కెమెరా, తూకపు యంత్రం, వీటిలో దేని భాషా పుట్టుకతో రాదు. యంత్రాల భాష చిత్రమైనది. "యీ గడిలో 1 వేస్తే మోటారు తిరుగుతుంది, ఆ గడిలో 0 కనిపిస్తే కాగితం అయిపోయినట్టు" అనే తీరున వుంటుంది. ఒక కంపెనీవాడు పెట్టిన గడులు ఇంకొక కంపెనీవాడు పెట్టడు. కెర్నెలు మాత్రం ఇంచుమించు అన్ని పరికరాలనూ ఒకే విధంగా పలకరిస్తుంది: తెరువు, చదువు, రాయి, మూసెయ్యి. యీ నాలుగు మాటలనూ ఆ గడుల భాషలోకి మార్చి చెప్పి, యంత్రం ఇచ్చిన జవాబును తిరిగి కెర్నెలు భాషలోకి మార్చి తెచ్చే చిన్న కార్యక్రమమే డివైసు డ్రైవరు.

దుబాసీతో ఒక చిక్కు వుందని పాతకాలపు వారికి బాగా తెలుసు. ఆయన దొరతో ఏమన్నాడో వర్తకుడికి తెలియదు, వర్తకుడు ఏమన్నాడో దొరకు తెలియదు. దుబాసీ యోగ్యుడైతే సరే. కాకపోతే పట్టుకునేదెట్లా? డ్రైవర్ల విషయంలోనూ సరిగ్గా యీ ప్రశ్నే వచ్చింది. దాన్ని గట్టిగా అడిగినవాడు రిచర్డ్ స్టాల్‌మన్.

అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థ కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఆయన పనిచేస్తూ వుండగా, 1980 ప్రాంతంలో జిరాక్సు కంపెనీవారు ఒక లేజరు ప్రింటరును బహూకరించారు. వేగం బాగానే వుంది గాని కాగితం తరచు ఇరుక్కునేది. యంత్రం మేడమీద ఒక చోట, మనుషులు ఇంకొక చోట. తీరా వెళ్లి చూస్తే మొదటి కాగితం దగ్గరే ఆగిపోయి వుండేది. అంతకు ముందున్న పాత ప్రింటరుకు స్టాల్‌మన్ మందు కనిపెట్టాడు. దాన్ని నడిపే కార్యక్రమాన్ని సవరించి, కాగితం ఇరుక్కోగానే అచ్చుకోసం కాచుకున్న వారందరికీ కబురు వెళ్లేటట్టు చేశాడు. కొత్తదానికీ అట్లాగే చేద్దామంటే కార్యక్రమం మూలప్రతి లేదు. అది వేరొక విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గర వుందని విని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాట ఇచ్చాననీ, ఇవ్వలేననీ ఆయన చెప్పి పంపాడు. చేతిలో యంత్రం వుంది, మరమ్మతు చేయగల బుద్ధి వుంది, చేసే హక్కు లేదు. యీ సంఘటన ఆయన మనసులో నాటుకుపోయింది. 1983 సెప్టెంబరులో, అందరూ చదవడానికీ మార్చడానికీ పంచుకోవడానికీ వీలైన ఆపరేటింగు సిస్టం తయారుచేస్తానని ఆయన ప్రకటించాడు. దానికి గ్నూ అని పేరు పెట్టాడు.

ఆ పెద్ద ఇంటికి కావలసిన గదులన్నీ ఒక్కొక్కటే లేస్తున్నాయి గాని నడిమి పప్పు ఇంకా సిద్ధం కాలేదు. అది అనుకోని చోటునుంచి వచ్చింది. ఫిన్లండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏళ్ల లీనస్ టోర్వాల్డ్స్, 1991 ఆగస్టు 25న తన సొంత కెర్నెలు గురించి లోకానికి తెలియజేశాడు. అందులో ఆయన చేసుకున్న మనవి యీనాటికీ ముచ్చటగా వుంటుంది. ఇది తన దగ్గరున్న రకం హార్డు డిస్కుతో తప్ప మరి దేనితోనూ బహుశా ఎన్నడూ పనిచేయదనీ, తన దగ్గర వున్నది అదొక్కటేననీ చెప్పుకున్నాడు. అంటే ఆయనకు తెలిసిన దుబాసీలు ఆయన గదిలోని యంత్రాలకు మాత్రమే.

పైగా దుబాసీల వల్ల ఆయనకొక ప్రమాదం కూడా జరిగింది. మోడెం ద్వారా విశ్వవిద్యాలయపు కంప్యూటరుకు ఫోను చేయబోయి, పొరపాటున ఆ ఫోను నంబరు తిప్పే ఆజ్ఞలను మోడెముకు బదులు తన హార్డు డిస్కుకు పంపాడు. అది వినయంగా వాటిని తన మీద రాసుకున్నది. అందులో వున్న మినిక్సు అనే పాత ఆపరేటింగు సిస్టం పాడైపోయింది. మళ్లీ దాన్నే ఎక్కించుకుందామా, తన సొంతదాన్నే పెంచుకుందామా అని ఆలోచించి రెండోదానికే మొగ్గాడు. 1992లో గ్నూ వారి లైసెన్సు కిందికి తెచ్చి, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు అన్నాడు. అదే లినక్సు.

ఒక్క రకం డిస్కు తప్ప మరేమీ తెలియదన్న ఆ కెర్నెలు మూలప్రతి 2025 నాటికి 4 కోట్ల పంక్తులకు చేరుకుంది. అందులో సగానికి పైగా డ్రైవర్లే. రాసినవారిలో కంపెనీల జీతగాళ్లున్నారు, విద్యార్థులున్నారు, ఇంట్లో వున్న యంత్రం పలకలేదన్న ఉక్రోషంతో రాత్రిళ్లు కూర్చున్నవారున్నారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పనిచేసిన డొనాల్డ్ బెకర్, రకరకాల నెట్‌వర్కు కార్డులకు డ్రైవర్లు రాసిపెట్టాడు. 1994లో ఆయనా థామస్ స్టెర్లింగూ కలిసి 16 మామూలు కంప్యూటర్లను ఒక తాటికి కట్టి, చవకలో ఒక మహాయంత్రాన్ని నిలబెట్టగలిగారంటే ఆ డ్రైవర్ల చలవే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపరు కంప్యూటర్ల జాబితాలో ప్రతి ఒక్కటీ లినక్సుతో నడిచేదే. అంత దూరం ఎందుకు, మీ జేబులోది ఆండ్రాయిడు ఫోనైతే దాని లోపలి పప్పూ అదే.

ఇంతకూ దుబాసీ పని ఎట్లా సాగుతుందో చూద్దాం. మీరు ఒక పరికరాన్ని తెచ్చి యు.ఎస్.బి. తొర్రలో గుచ్చారనుకోండి. కెర్నెలు ముందు అడిగేది, "నీ పేరేమిటి?" అని. అది రెండు సంఖ్యలు చెబుతుంది. మొదటిది తయారుచేసిన కంపెనీది, రెండోది ఆ సరుకుది. మన తెలుగువారి పద్ధతే. ముందు ఇంటిపేరు, వెనక పేరు! ప్రతి డ్రైవరూ తనకు తెలిసిన ఇంటిపేర్ల జాబితా ఒకటి కెర్నెలు దగ్గర దాఖలు చేసుకుని వుంటుంది. పేరు కలిసిందా, ఆ డ్రైవరును పిలిచి, "చూడవయ్యా, మీవాళ్లెవరో వచ్చారు" అంటుంది. డ్రైవరు వచ్చి, పరిశీలించి, బాధ్యత తీసుకుంటుంది. పేరు ఏ జాబితాలోనూ లేకపోతే, యంత్రం ఎంత మంచిదైనా గుమ్మంలోనే నిలబడి వుండవలసిందే.

తరువాతి సమస్య ఎదురుచూపులు. పొయ్యిమీద పాలు పెట్టి అవి పొంగేదాకా గుడ్లప్పగించి చూస్తూ నిలబడటం ఒక పద్ధతి. కుక్కరు పెట్టి, విజిలు వచ్చినప్పుడు చూద్దామని వేరే పని చూసుకోవడం ఇంకొక పద్ధతి. కంప్యూటరులో ఆ విజిలును ఇంటరప్టు అంటారు. విజిలు వచ్చినప్పుడు డ్రైవరు పరుగెత్తుకు రావాలి. కాని అక్కడే తీరిగ్గా కూర్చోకూడదు. ఆ వేళలో నిద్రపోవడం అసలు నిషిద్ధం. వచ్చిన చుట్టానికి కుర్చీ వేసి, "కూర్చోండి, ఇప్పుడే వస్తా" అని, వంట సంగతి తరువాత చూసుకున్నట్టు, అత్యవసరమైనది చేసి మిగతాది కాస్సేపటికి వాయిదా వేయాలి. ఆ మర్యాద తెలియని డ్రైవరు వల్ల కంప్యూటరు మొత్తం బిగుసుకుపోతుంది.

ఇంకొక గండం, ఒకే వస్తువు మీద ఇద్దరు ఒకేసారి చేయి వేయడం. పూర్వం ఒంటి లైను మీద రైలు నడిపేటప్పుడు టోకెను చేతికి వస్తేనే డ్రైవరు బండి కదిలించేవాడు. వున్నది ఒకటే టోకెను గనక ఎదురుబండి వచ్చే ప్రసక్తి లేదు. డ్రైవరు రాసేవాడూ అట్లాంటి టోకెన్లు పెట్టుకోవాలి. మరచిపోతే ఏమవుతుంది? వెయ్యిసార్లు ఏమీ కాదు. వెయ్యిన్నొకటోసారి రెండు బళ్లూ ఢీకొంటాయి. అది ఎప్పుడు జరుగుతుందో తెలియదు గనకనే యీ పని చేసేవాళ్లకు నిద్ర తక్కువ అంటారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మామూలు కార్యక్రమం వసారాలో కూర్చున్న అతిథి వంటిది. అది పేచీ పెడితే బయటికి పంపవచ్చు. డ్రైవరు వంటింట్లో తిరిగే ఆత్మబంధువు. దాని చేయి జారితే ఇల్లే అంటుకుంటుంది. 2001లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు లినక్సు మూలప్రతిని జల్లెడ పట్టి, కొన్ని రకాల తప్పులు కెర్నెలులోని మిగతా భాగాల కన్న డ్రైవర్లలో మూడు నుంచి ఏడు రెట్లు ఎక్కువగా వున్నాయని తేల్చారు. ఇది లినక్సు ఒక్కదాని సొత్తూ కాదు. 2024 జూలై 19న విండోసు కంప్యూటర్లలో కెర్నెలు లోపల పనిచేసే ఒక రక్షణ డ్రైవరుకు దాని కంపెనీ, క్రౌడ్‌స్ట్రైక్, దోషమున్న ఒక ఫైలు పంపింది. మైక్రోసాఫ్టు లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. మన దేశంలో విమాన ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగు పాసులు ఇచ్చి ఎక్కించవలసి వచ్చింది.

దోషం ఒక సంగతి, ఉద్దేశం ఇంకొక సంగతి. స్కాట్లండులో ఎఫ్.టి.డి.ఐ. అనే కంపెనీ వుంది. పాతకాలపు సీరియలు తీగను యు.ఎస్.బి.కి కలిపే చిప్పులు తయారుచేస్తుంది. తూకపు యంత్రాలు, మీటర్లు, ప్రయోగశాల సాధనాలు యీ మాదిరి చిప్పులతోనే కంప్యూటరుతో మాట్లాడతాయి. వాటికి నకిలీలు బజారునిండా పడ్డాయి. కంపెనీకి కడుపుమంట వుండటం న్యాయమే. కాని 2014 అక్టోబరులో వారు చేసిన పని ఏమిటంటే, విండోసుకు పంపిన కొత్త డ్రైవరు నకిలీ చిప్పును కనిపెట్టి, దాని పేరును తుడిచి సున్న పెట్టేసింది. పేరు లేని పరికరాన్ని ఎవరు పలకరిస్తారు? నకిలీ చేసినవాడు హాయిగానే వున్నాడు. ఏమీ తెలియక అంగట్లో కొనుక్కున్నవాడి యంత్రం రాత్రికి రాత్రి మూగబోయింది. గగ్గోలు పుట్టి కంపెనీ ఆ డ్రైవరును వెనక్కు తీసుకున్నది. లినక్సులో ఏం చేశారో తెలుసునా? పేరు సున్న అయిన ఆ అనాథలను కూడా గుర్తుపట్టేటట్టు డ్రైవరు జాబితాలో ఒక పంక్తి చేర్చారు. మూలప్రతి నలుగురి కళ్ల ముందు వుంటే ఒకడి కోపం అందరి ఇళ్లలోకీ అంత సులువుగా రాదు.

మనకు దగ్గరి కథ ఒకటి చెబుతాను. పుంగనూరు దగ్గరి పల్లెటూరి అబ్బాయి ఒకడు కాలేజీలో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. తరువాత ఇంజనీరింగు చదివి బెంగుళూరు చేరాడు. యీ డ్రైవర్ల పనే. వాళ్ల వూళ్లో పాల కేంద్రం వుంది. పొద్దునా సాయంత్రం ఆడవాళ్లు క్యాన్లు తెచ్చి పోస్తారు. తూకపు యంత్రం బరువు చూస్తుంది, ఇంకొక యంత్రం వెన్న శాతం చూస్తుంది, కంప్యూటరు చీటీ ఇస్తుంది. ఆ చీటీ మీదనే డబ్బు. ఒక పండక్కి వూరికి వెళ్లినప్పుడు, పాలు పోసే ముసలమ్మ ఒకామె వాణ్ని పట్టుకుని అడిగిందట: "నాయనా, నువ్వు పెద్ద చదువులు చదివినోడివి గదా. యీ పెట్టె చెప్పేది నిజమేనా? ఇంట్లో కొలిస్తే ఒకటుంటాది, ఈడ ఇంకొకటి వస్తాది."

అదే సమయానికి కేంద్రం వాళ్లకు ఇంకొక బాధ వచ్చి పడింది. కంప్యూటరు పాతబడింది, కొత్త విండోసు దానిమీద ఎక్కదు, ఎక్కినా తూకపు యంత్రం తీగకు అందులో డ్రైవరు రాదు, అన్నీ మార్చుకోండి అన్నాడట సామాను అమ్మినవాడు. మావాడు ఆ పాత కంప్యూటరులోనే లినక్సు ఎక్కించాడు. తీగ గుచ్చాడు. ఉలుకూ పలుకూ లేదు. పేరు అడిగి చూస్తే సంగతి తెలిసింది. తీగలోని చిప్పు అందరికీ తెలిసిన రకమే, కాని తీగ చేసినవాడు దానికి తన సొంత పేరు అచ్చు వేసుకున్నాడు. ఆ పేరు డ్రైవరు జాబితాలో లేదు. లినక్సులో ఒక సౌకర్యం వుంది. మూలప్రతి ముట్టకుండానే, "యీ పేరుగలవాణ్ని కూడా నీవాడే అనుకో" అని డ్రైవరుకు తాత్కాలికంగా చెప్పి చూడవచ్చు. అట్లా చెప్పగానే తూకపు యంత్రం గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది.

అసలు విశేషం ఆ మాటల్లో బయటపడింది. తూకపు యంత్రం ఒట్టి అంకె మాత్రమే పంపడం లేదు. ప్రతి అంకె ముందూ రెండక్షరాలు పంపుతున్నది. ఒక జత అక్షరాలకు, బరువు నిలకడగా వుంది అని అర్థం. ఇంకొక జతకు, ఇంకా వూగుతూ వుంది అని అర్థం. పాత కార్యక్రమం ఆ అక్షరాలను లెక్కపెట్టకుండా, వచ్చిన మొదటి అంకెనే చీటీమీదకు ఎక్కించేది. క్యాను దించిన వేగానికి పాలు తొణికి ముల్లు పైకి పోతే ఎక్కువ, కిందికి వస్తే తక్కువ. మావాడు నాలుగు రోజులు నోటు పుస్తకంలో రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూస్తే, కొందరికి లాభం, కొందరికి నష్టం. దొంగతనం కాదు, తొందర. "తరాజు నిజమే చెప్తా వుంది సార్. నడుమ వినేవాడే తొందరపడతా వుండినాడు" అన్నాడు నాతో. నిలకడ అక్షరాలు వచ్చేదాకా ఆగే చిన్న కార్యక్రమం రాసి పెట్టాడు. అదేమిటో గోడమీద తెలుగులో అంటించి వచ్చాడు. ముసలమ్మకు చదువు రాదు. మనవరాలి చేత చదివించుకుని విన్నదట.

డ్రైవరు జాబితాలో ఆ తీగ పేరు శాశ్వతంగా చేర్చడానికి మాత్రం వాడు వ్యాకరణం నేర్చుకోవలసి వచ్చింది. లినక్సుకు ఎవరైనా సవరణ పంపవచ్చు. కాని ప్రతి భాగానికీ ఒక పరిష్కర్త వుంటాడు, ఆయన దాన్ని గణాలు విడదీసి చూస్తాడు. మార్జిను నుంచి జరపవలసింది ఎనిమిదక్షరాల దూరం, అదీ ట్యాబు మీటతో. ఖాళీలు కొట్టి జరిపితే యతిభంగం. ఒక సవరణలో ఒకే మార్పు వుండాలి. ఏం మార్చావో కాదు, ఎందుకు మార్చావో ముందు రాయాలి. ఆ రాతలో క్రియ విధ్యర్థకంలో వుండాలట! "చేర్చాను" కాదు, "చేర్చు" అనాలి. యీ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. కడపట, ఇది నేను హక్కు కలిగి పంపుతున్నదే అని పేరుతో సాక్ష్యం పెట్టాలి. యీ సాక్ష్యం పద్ధతి 2004లో వచ్చింది. మావాడి సవరణ రెండు పంక్తులు. మొదటిసారి ఖాళీల వల్ల తిరిగి వచ్చింది. రెండోసారి, జాబితాలో సంఖ్యల వరసలో చేర్చమని, పరికరం తన్ను గురించి ఏం చెప్పుకుంటుందో అదంతా జతచేయమని వచ్చింది. మూడోసారి తీసుకున్నారు. తొమ్మిది, పది వారాలకొకసారి కొత్త కెర్నెలు వెలువడుతుంది. ఆ తరువాతి దాంట్లో మావాడి రెండు పంక్తులూ వున్నాయి. యీ భూమ్మీద ఆ తీగ కొనుక్కున్నవాడెవడైనా ఇక గుచ్చితే చాలు.

ఇందులో మన ప్రాంతం ఆలోచించుకోవలసింది వుంది. 2002లో హ్యూలెట్ పకార్డు కంపెనీ, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం ప్రారంభించాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. పొదుపు సంఘాల ఆడవారికి డిజిటలు కెమెరా, ఎండతో పనిచేసే ఏర్పాటుతో చిన్న ప్రింటరు ఇచ్చి, ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చే పని నేర్పారు. మంచి ఆలోచనే. కాని ఏ పథకానికైనా గడువు వుంటుంది. యంత్రం గడువు దాటి కూడా పనిచేయాలంటే దాని భాష తెలిసిన మనిషి వూళ్లో వుండాలి, ఆ భాష నేర్చుకోవడానికి అడ్డు లేకుండా వుండాలి. ట్రాక్టరు చెడితే మన మెకానిక్కు విప్పి చూస్తాడు. మోటారు కాలితే వైండింగు చుట్టేవాడు ప్రతి పేటలోనూ వున్నాడు. కంప్యూటరు తీగ పలకకపోతే మాత్రం, కొత్తది కొనుక్కో అన్న మాట ఒక్కటే వినపడుతున్నది. ఇనుము బాగుండగానే యంత్రం చచ్చిపోవడం యీ కాలపు వింత.

మదనపల్లెలో, కుప్పంలో ఇంజనీరింగు కాలేజీలున్నాయి. పొద్దున్నే బెంగుళూరు బండి ఎక్కే కుర్రవాళ్లకూ కొదవ లేదు. కెర్నెలు మూలప్రతికి చెల్లించవలసిన రుసుము సున్న. కార్బెట్, రుబీని, క్రోహ్-హార్ట్‌మన్ రాసిన లినక్సు డివైసు డ్రైవర్ల పుస్తకం మూడో కూర్పు, 2005లోది, ఉచితంగా చదువుకోవచ్చు. ఏళ్లు గడిచి వివరాలు కొన్ని మారాయి గాని మూలసూత్రాలు మారలేదు. ఆ ముగ్గురిలో క్రోహ్-హార్ట్‌మన్ 2007లో, మీ యంత్రం వివరాలు ఇవ్వండి, మేము డ్రైవరు ఉచితంగా రాసిపెడతాం అని కంపెనీలన్నిటికీ బహిరంగంగా చాటాడు. మొదలుపెట్టేవాడికి నా శిష్యుడి సలహా ఏమంటే, ఇంట్లో మూలపడిన ఒక పాత కంప్యూటరు తీసుకో, పలకని పరికరం ఒకటి వెతుక్కో, దాని ఇంటిపేరు కనుక్కో. పనిచేసే కంప్యూటరు మీద మాత్రం మొదటి ప్రయోగం వద్దు.

నావంటి తెలుగు పంతుళ్లకు కూడా ఇందులో పని వున్నది. కెర్నెలుతో పాటు వచ్చే వివరణ గ్రంథాలను చైనా, జపాను, కొరియా, ఇటలీ, స్పెయిను భాషల్లోకి మార్చి మూలప్రతితో పాటే వుంచారు. తెలుగు అందులో లేదు. తెలుగు అక్షరాలను కంప్యూటరులో నిలబెట్టడానికీ, లినక్సు తెరమీది మాటలను తెలుగు చేయడానికీ ఎందరో శ్రమపడ్డారు, పడుతున్నారు. ఇప్పుడు తెర వెనకకు వెళ్లవలసిన వంతు వచ్చింది. ఇంటరప్టుకు ఏ మాట పెడతారు, రిజిస్టరుకు గడి అంటే చాలునా, అని కొట్టుకోవడానికి మనకు చేతినిండా పని. పొలిమేర వూళ్లవాళ్లం, దుబాసీతనం మనకు కొత్త కాదు. ఎవరైనా కుర్రవాడు పూనుకుని డ్రైవరు రాయడం ఎట్లాగో నాలుగు పేజీలు తెలుగులో రాసి పంపితే, సంధులూ సమాసాలూ దిద్దిపెట్టే పూచీ నాది. సెమీకోలన్లు మాత్రం ఇంకెవరి చేతనైనా చూపించుకోవాలి.